మంచు కొండ మీద పరుగు: ఊపిరి, కాళ్ళు, పక్కనున్న ఫ్రెండ్

డిసెంబర్ సెలవుల్లో నేనూ, నా ఫ్రెండూ ఉత్తరాఖండ్‌లోని కేదార్‌కంఠ శిఖరానికి వెళ్ళొచ్చాం. వచ్చాక హాస్టల్‌లో అందరూ అడిగింది ఒకటే. "మంచులో పరిగెత్తడం ఏంట్రా? జారి పడరా? ఊపిరి అందుతుందా? అసలు ఎందుకు?" మొదటి మూడు ప్రశ్నలకి సైన్స్ ప్రకారం సమాధానాలున్నాయి. నాలుగోదానికి మాత్రం ఎవరి సమాధానం వాళ్ళదే. అందరికీ విడివిడిగా చెప్పే బదులు మన పత్రికలో ఒకేసారి రాసేస్తే సరిపోతుందని ఇది మొదలుపెట్టాను.

ముందుగా ఒక అపోహ తీసేద్దాం. కొండ మీద పరుగు అంటే గ్రౌండ్‌లో వంద మీటర్ల రేస్ లాంటిది కాదు. వాలు బాగా నిటారుగా ఉన్న చోట ప్రపంచ స్థాయి రన్నర్లు కూడా నడుస్తారు. చేతులు తొడల మీద ఆనించి, వంగి, చిన్న చిన్న అడుగులతో వేగంగా నడుస్తారు. ఒక స్థాయి దాటిన వాలులో పరుగుకీ నడకకీ వేగం దాదాపు ఒకటే, కానీ పరుగుకి ఖర్చయ్యే శక్తి ఎక్కువ. అలిపిరి మెట్ల దారిలో మోకాళ్ళ పర్వతం ఎక్కినవాళ్ళకి ఇది విడమర్చి చెప్పక్కర్లేదు. అక్కడ ఎంత ఉత్సాహవంతుడైనా చేతులు మోకాళ్ళ మీద పెట్టాల్సిందే. కాబట్టి మా "పరుగు" అంటే చదునుగా ఉన్న చోట జాగింగ్, ఎక్కుడులో వేగంగా నడక, దిగుడులో అసలైన పరుగు. మూడూ కలిపితేనే ట్రెయిల్ రన్నింగ్.

దారి ఎక్కడ, ఎత్తు ఎంత

కేదార్‌కంఠ ఉత్తరకాశీ జిల్లాలో, గోవింద్ వన్యప్రాణి సంరక్షణ ప్రాంతంలో ఉంది. ఎత్తు సుమారు 3,810 మీటర్లు, అంటే దాదాపు 12,500 అడుగులు. డెహ్రాడూన్ నుంచి పురోలా, మోరి మీదుగా పగలంతా జీపులో కూర్చుంటే సాంక్రీ అనే ఊరొస్తుంది. అది సుమారు 1,950 మీటర్ల ఎత్తులో ఉంటుంది. అక్కడి నుంచి దేవదారు, ఓక్ చెట్ల మధ్య నడిస్తే జూడా కా తాలాబ్ అనే చిన్న చెరువు. అది దాదాపు 2,770 మీటర్లు. చలికాలంలో ఆ చెరువు గడ్డకట్టి ఉంటుంది. దాని పైన అడవి పలచబడి, పచ్చిక మైదానాలు వచ్చి, చివర్లో చెట్టన్నది లేని నిటారు మంచు వాలు. శిఖరం మీద ఒక త్రిశూలం. ఎదురుగా స్వర్గారోహిణి, బందర్‌పూంఛ్, కాలానాగ్ శిఖరాలు కనిపిస్తాయి. స్వర్గారోహిణి పేరు వినగానే మహాభారతంలో పాండవుల చివరి ప్రయాణం గుర్తొస్తుంది. పంచపాండవులు ద్రౌపదితో సహా నడిచింది ఆ కొండల్లోనే అని అక్కడివాళ్ళు చెప్పుకుంటారు.

చలికాలంలో కొత్తవాళ్ళు ఎక్కువగా వెళ్ళే మంచు దారుల్లో ఇదొకటి. అటవీశాఖ అనుమతి తీసుకుని, స్థానిక గైడ్‌ని వెంటబెట్టుకుని వెళ్ళాం. ఆయన్ని మేం భయ్యా అనే పిలిచాం. "పరిగెడతాం" అని చెప్పగానే ఆయన నవ్వి ఒక మాట అన్నాడు. "పరిగెత్తండి. కానీ నేను ఆగమంటే ఆగాలి." ఆ ఒప్పందం మీదే బయలుదేరాం.

ఊపిరి లెక్క

"పైన ఆక్సిజన్ తక్కువ" అని అందరం అంటాం. నిజానికి గాలిలో ఆక్సిజన్ వాటా హైదరాబాద్‌లోనైనా, ఎవరెస్ట్ మీదైనా దాదాపు 21 శాతమే. మారేది గాలి ఒత్తిడి. సముద్ర మట్టంలో అది 1,013 హెక్టోపాస్కల్స్. 3,810 మీటర్ల ఎత్తులో సుమారు 630. అంటే మనం పీల్చే ప్రతి శ్వాసలో కింద దొరికే ఆక్సిజన్‌లో దాదాపు 63 శాతమే దొరుకుతుంది. వంద రూపాయల సరుకు కొనాల్సిన చోట జేబులో అరవై మూడే ఉన్నట్టు. సరుకు మారలేదు, ధర మారలేదు, చేతిలో డబ్బే తక్కువ.

ఇలాంటప్పుడు శరీరం చేసే మొదటి పని శ్వాస వేగం పెంచడం, రెండోది గుండె వేగం పెంచడం. హాస్టల్‌లో ఖాళీగా కూర్చున్నప్పుడు నా వాచ్‌లో గుండె వేగం 58 ఉండేది. చెరువు దగ్గర టెంట్‌లో పడుకుని చూస్తే 74. ఏ పనీ చేయకుండానే ఇంజిన్ అంత ఎక్కువగా తిరుగుతోందన్నమాట. శ్వాస వేగం పెరిగితే కార్బన్ డయాక్సైడ్ ఎక్కువగా బయటికి పోయి రక్తంలో క్షార గుణం పెరుగుతుంది. దాన్ని సరిచేయడానికి కిడ్నీలు బైకార్బొనేట్‌ని మూత్రంలో పంపించేస్తాయి. కొండ మీద మాటిమాటికీ టాయిలెట్‌కి పోవాల్సి రావడానికి చలితో పాటు ఇదీ ఒక కారణం. ఈ సర్దుబాటుకి రోజులు పడుతుంది. కొత్త ఎర్ర రక్తకణాలు తగినన్ని తయారవడానికైతే వారాలు పడుతుంది. నాలుగు రోజుల ట్రిప్‌లో అంత టైం ఎవరికీ ఉండదు.

అందుకే కొండవాళ్ళ సూత్రం: ఎత్తుకి ఎక్కు, తక్కువలో పడుకో. 3,000 మీటర్లు దాటాక నిద్రపోయే చోటు ఎత్తుని రోజుకి 500 మీటర్లకి మించి పెంచొద్దని వైద్యులు చెప్తారు. మేం సాంక్రీలో ఒక రాత్రి, చెరువు దగ్గర రెండు రాత్రులు పడుకున్నాం. మధ్యలో ఒక రోజు సుమారు 3,300 మీటర్ల దాకా నడిచి, అక్కడ గంటసేపు కూర్చుని, మళ్ళీ కిందికి దిగి చెరువు దగ్గరే పడుకున్నాం. మన నిదానమే ప్రధానం అనే సామెత ఎక్కడైనా వంద శాతం కరెక్ట్ అయితే అది ఇక్కడే.

ఇంకో విషయం. ఫిట్‌గా ఉన్నవాళ్ళకి ఎత్తు జబ్బు రాదనుకోవడం తప్పు. రోజూ పది కిలోమీటర్లు పరిగెత్తేవాడికీ వస్తుంది. పైగా అలాంటివాడు తొందరగా పైకి వెళ్ళిపోగలడు కాబట్టి రిస్క్ అతనికే ఎక్కువ కావచ్చు. తలనొప్పి, దానికి తోడు వాంతి వచ్చేలా ఉండడం, కళ్ళు తిరగడం, విపరీతమైన నీరసం ఉంటే అది ఎత్తు జబ్బే అనుకుని ఆగిపోవాలి. తగ్గకపోతే దిగాలి. నేల మీద గీత ఉందనుకుని ఒక పాదం మడమకి ఇంకో పాదం వేళ్ళు ఆనించి నడవమంటే తూలిపోతున్నారా, ఇంక ఆలోచించక్కర్లేదు. మెదడులో వాపు మొదలైందేమోనని వెంటనే కిందికి దింపాలి. కూర్చుని ఉన్నా ఆయాసం తగ్గకపోవడం, దగ్గు ఆగకపోవడం ఊపిరితిత్తుల్లో నీరు చేరుతున్న గుర్తు. దానికీ అదే మందు, దిగడం. శిఖరం మనకోసం అక్కడే ఉంటుంది, ఎక్కడికీ పోదు.

మంచు, కాలు

మంచు అన్నీ ఒకటి కావు. కొత్తగా పడిన మంచు పిండిలా ఉంటుంది, కాలు మోకాలి దాకా దిగిపోతుంది. కొన్ని రోజులు పగలు కరిగి, రాత్రి గడ్డకట్టిన మంచు మీద గట్టి పెచ్చు తయారవుతుంది. అందరూ తొక్కి తొక్కి నునుపెక్కిన దారి గాజు పలకలా ఉంటుంది. పరుగుకి వీటిలో అన్నిటికంటే అనువైనది రెండోది, అదీ తెల్లవారుజామున.

తెల్లవారుజామునే ఎందుకంటే, ఆకాశం నిర్మలంగా ఉన్న రాత్రి మంచు తన వేడిని ఆకాశంలోకి వదిలేసి గట్టిపడుతుంది. అప్పుడు దాని మీద నడిస్తే రోడ్డు మీద నడిచినట్టే. ఎండ ఎక్కాక పైపెచ్చు మెత్తబడి, అడుగు వేసిన ప్రతిసారీ కాలు లోపలికి దిగబడుతుంది. అదే దూరానికి శ్రమ బాగా పెరుగుతుంది, చీలమండ మెలి తిరిగే ప్రమాదం కూడా ఉంటుంది. మేం చెరువు దగ్గర తెల్లవారుజామున 4:30కి బయలుదేరింది అందుకే. సూర్యోదయం చూడ్డం బోనస్.

షూ కింద మైక్రోస్పైక్స్ వేసుకున్నాం. రబ్బరు పట్టీకి గొలుసులు, ఆ గొలుసులకి సెంటీమీటరు పొడవున్న స్టీలు పళ్ళు. మామూలు షూ మీదే తొడుక్కోవచ్చు. నున్నటి మంచు మీద రబ్బరుకి ఘర్షణ దాదాపు ఉండదు. ఈ పళ్ళు మంచులోకి గుచ్చుకుని పట్టు ఇస్తాయి. క్రాంపాన్స్ అనేవి వేరు. అవి ఇంకా పొడవైన పళ్ళతో, బిగుతైన బూట్లకి వేసేవి, నిటారు ఐస్ గోడల కోసం. మైక్రోస్పైక్స్ వేసుకుని క్రాంపాన్స్ కావాల్సిన చోటికి వెళ్ళడం, చెప్పులేసుకుని ఫుట్‌బాల్ మ్యాచ్‌కి వెళ్ళినట్టు. కేదార్‌కంఠ మామూలు దారిలో మేం వెళ్ళిన రోజు మైక్రోస్పైక్స్ సరిపోయాయి. ఆ మాట భయ్యా మంచు చూసి చెప్పాకే షూకి తొడిగాం.

అడుగు వేసే పద్ధతి కూడా మారాలి. ఎక్కేటప్పుడు ముందువాడి కాలి ముద్రలోనే కాలు పెట్టాలి. ముందు నడిచేవాడికి శ్రమ ఎక్కువ కాబట్టి ఇద్దరం పది నిమిషాలకోసారి మారాం. దిగేటప్పుడు భయంతో వెనక్కి వాలితే కాళ్ళు ముందుకి జారిపోతాయి. బరువు పాదాల మీదే ఉంచి, మెత్తటి మంచులో మడమతో గుచ్చినట్టు అడుగు వేయాలి. నమ్మకం లేని అడుగే ఎక్కువగా జారుతుంది.

చలి కంటే చెమటే ప్రమాదం

మన ఊళ్ళలో చలి అంటే ఎన్ని ఎక్కువ బట్టలు వేసుకుంటే అంత మంచిది. కొండ మీద పరిగెత్తేటప్పుడు లెక్క తిరగబడుతుంది. ఎక్కుడులో శరీరం హీటర్‌లా పనిచేస్తుంది. అన్నీ వేసుకుంటే చెమట పడుతుంది. చెమటతో బట్ట తడుస్తుంది. నిశ్చలంగా ఉన్న గాలి కంటే నీరు దాదాపు 25 రెట్లు వేగంగా వేడిని లాగేస్తుంది. పరిగెత్తినంతసేపు ఏమీ తెలియదు. ఆగిన ఐదు నిమిషాలకి వెన్నులోంచి వణుకు మొదలవుతుంది. కాటన్ టీషర్ట్ అయితే మరీ ఘోరం. అది నీటిని పట్టుకుని వదలదు.

కాబట్టి సూత్రం: బయలుదేరేటప్పుడు కొంచెం చలేయాలి. ఒంటికి అంటుకుని చెమటని బయటికి పంపే సింథటిక్ పొర ఒకటి, దాని మీద పల్చటి ఫ్లీస్, పైన గాలిని ఆపే జాకెట్. బాగా వెచ్చగా ఉండే లావు జాకెట్ ఒంటి మీద కాదు, బ్యాగులో ఉండాలి. ఆగిన వెంటనే, చలేయక ముందే తీసి వేసుకోవాలి.

గాలి విషయం కూడా చూడండి. వెయ్యి మీటర్లు ఎక్కితే ఉష్ణోగ్రత సగటున 6.5 డిగ్రీలు తగ్గుతుంది. చెరువు దగ్గర బయలుదేరినప్పుడు మైనస్ 9 ఉంది. పైన ఇంకో ఆరేడు డిగ్రీలు తక్కువ. దానికి గాలి తోడైతే ఇక చెప్పేదేముంది. మైనస్ 10 డిగ్రీల్లో గంటకి 30 కిలోమీటర్ల గాలి వీస్తే ఒంటికి దాదాపు మైనస్ 20లా అనిపిస్తుంది. చెట్లు ఉన్నంతవరకు గాలి తెలియదు. చెట్లు అయిపోయిన చోట మొదటి దెబ్బ ముక్కుకి, రెండోది వేళ్ళకి. అందుకే చివరి చెట్టు కిందే ఆగి జిప్పులన్నీ వేసుకుని, లోపలి గ్లవ్స్ మీద ఇంకో జత తొడుక్కున్నాం.

కళ్ళద్దాలు స్టైల్ కోసం కాదు. ఎత్తు పెరిగే కొద్దీ అతినీలలోహిత కిరణాలు పెరుగుతాయి. కొత్త మంచు వాటిలో 80 శాతం పైగా తిప్పికొడుతుంది. అంటే ఎండ పైనుంచీ, కిందనుంచీ రెండువైపులా పడుతుంది. అద్దాలు లేకుండా కొన్ని గంటలు తిరిగితే కంటి పైపొర కాలిపోతుంది. ఆ రాత్రికి కళ్ళల్లో ఇసుక పోసినట్టు ఉండి, తెరవడం కూడా కష్టమవుతుంది.

తిండి, నీళ్ళు, ఫోన్

ఎత్తులో ఆకలి చచ్చిపోతుంది. కానీ ఖర్చు మాత్రం పెరుగుతుంది. అందుకే ఆకలేసినప్పుడు కాకుండా, గడియారం చూసి తినాలి. అరగంటకోసారి రెండు ముక్కల పల్లీ చిక్కీ, ఒక ఖర్జూరం. చాక్లెట్ బార్ రాయిలా గడ్డకట్టి పళ్ళకి పరీక్ష పెట్టింది. మనింటి చిక్కీ మాత్రం జేబులోంచి తీస్తే మామూలుగానే విరిగింది. బెల్లం త్వరగా శక్తినిస్తుంది, పల్లీ నిదానంగా ఇస్తుంది. ఇంతకంటే మంచి ఎనర్జీ బార్ ఇంకేముంటుంది?

చల్లటి పొడి గాలిని పీల్చి, తడి గాలిని వదులుతాం కాబట్టి ఊపిరితోనే బోలెడు నీళ్ళు పోతాయి. దాహం మాత్రం వేయదు. నీళ్ళ సీసాని బ్యాగులో తలకిందులుగా పెట్టాలి. మంచు గడ్డ పైనుంచి కట్టడం మొదలవుతుంది కాబట్టి, అలా పెడితే గడ్డ సీసా అడుగు వైపు ఉండి మూత వైపు నీళ్ళుంటాయి. ఇంకో థర్మాస్‌లో వేడి నీళ్ళు. ఆ థర్మాస్ సంగతి కాసేపట్లో చెప్తాను.

ఫోన్ కూడా మనలాగే చలికి డీలా పడుతుంది. లిథియం బ్యాటరీలో రసాయన చర్య చలిలో మందగిస్తుంది, లోపలి నిరోధం పెరుగుతుంది, వోల్టేజ్ పడిపోయి 40 శాతం చూపిస్తూనే ఆఫ్ అయిపోతుంది. అది చచ్చిపోయినట్టు కాదు, వేడి చేస్తే మళ్ళీ లేస్తుంది. లోపలి జేబులో, ఒంటికి దగ్గరగా పెట్టుకుంటే చాలు.

ఇద్దరెందుకు

ఇప్పుడు అసలు విషయానికొస్తా. మనందరం ఫ్రెండ్‌తో వెళ్ళడం అంటే కబుర్లకి, ఫొటోలకి అనుకుంటాం. కొండ మీద ఫ్రెండ్ ఒక భద్రతా పరికరం. ఎందుకో చెప్తాను.

శరీరం లోపలి ఉష్ణోగ్రత 35 డిగ్రీల కంటే తగ్గడాన్ని హైపోథెర్మియా అంటారు. దాని మొదటి గుర్తులు చాలా మామూలుగా ఉంటాయి. మాట ముద్దగా వస్తుంది. కాలు తడబడుతుంది. చేతిలో వస్తువు జారుతుంది. ఊరికే చిరాకొస్తుంది. చిక్కేమిటంటే ఇవన్నీ వస్తున్నాయని గమనించాల్సింది మెదడు, కానీ మొదట దెబ్బ తినేదీ అదే. బగ్ ఉన్న ప్రోగ్రామ్ తనని తానే టెస్ట్ చేసుకుని "ఆల్ పాస్" అని ప్రింట్ చేస్తే ఎలా నమ్ముతాం? ఇంకో సిస్టమ్ బయటినుంచి చూడాలి. పక్కనున్న ఫ్రెండ్ ఆ ఇంకో సిస్టమ్.

మేం బయలుదేరే ముందు రాత్రి టెంట్‌లో కూర్చుని మూడు రూల్స్ రాసుకున్నాం. ఒకటి, ఇద్దరి మధ్య దూరం మాట వినిపించేంతే ఉండాలి. అంటే మా వేగం ఎప్పుడూ ఇద్దరిలో నెమ్మదిగా ఉన్నవాడి వేగమే. రెండు, అరగంటకోసారి ఆగి ఒకరి ముఖం ఒకరు చూసుకోవాలి, ముక్కు, చెంపలు తెల్లబడ్డాయా అని. దానితో పాటు పదిహేడో ఎక్కంలో ఒక లైన్ చెప్పాలి. మేం చదివింది ఇంగ్లీష్ మీడియం కాబట్టి "సెవెంటీన్ ఫోర్స్ ఆర్ సిక్స్టీ ఎయిట్" అన్నమాట. మూడు, ఎక్కడున్నా సరే 8:30కి వెనక్కి తిరగాలి. పది అడుగుల దూరంలో త్రిశూలం కనిపిస్తున్నా సరే.

మూడో రూల్ రాత్రే ఎందుకు రాసుకోవాలంటే, పైన ఉన్నప్పుడు ఎవరూ సరిగ్గా ఆలోచించరు. అంత దూరం వచ్చాం, అంత డబ్బు పెట్టాం, ఇంత దగ్గరలో ఉన్నాం అనే లెక్కలు మొదలవుతాయి. నిర్ణయం వెచ్చగా, కడుపునిండా తిని ఉన్నప్పుడే తీసుకోవాలి. పైన దాన్ని అమలు చేయడమే మన పని.

7:30కి జరిగింది

చివరి వాలు. శిఖరం ఇంకా దాదాపు 150 మీటర్ల ఎత్తులో ఉంది. ఎండ వచ్చింది కానీ గాలి విపరీతంగా వీస్తోంది. మావాడు మామూలుగా నోరు మూయని మనిషి. పది నిమిషాలుగా మాట లేదు. చిక్కీ ఇస్తే చేతిలోంచి జారింది. మళ్ళీ ఇచ్చాను, మళ్ళీ జారింది. "ఎక్కం చెప్పరా" అన్నాను.

"ఇప్పుడెందుకురా ఎక్కం? పద, పైకి పోదాం."

"చెప్పు. సెవెంటీన్ సెవెన్స్?"

కాసేపు ఆలోచించి, "నూట... నువ్వే చెప్పరా, చావగొట్టకు" అన్నాడు. వాడు మా సెక్షన్‌లో లెక్కల్లో అందరికంటే ముందుండేవాడు.

భయ్యాని పిలిచాను. ముగ్గురం ఒక బండరాయి వెనక, గాలి తగలని చోటికి వెళ్ళాం. లావు జాకెట్ తీసి వాడికి తొడిగాం. బ్యాగు మంచు మీద పరిచి దాని మీద కూర్చోబెట్టాం, కింద నుంచి కూడా చలి లాగేస్తుంది కాబట్టి. థర్మాస్‌లోని వేడి నీళ్ళలో గ్లూకోజ్ కలిపి ఇచ్చాం. గ్లవ్స్ విప్పించి వాడి చేతులు వాడి చంకల్లోనే పెట్టించాం. చేతులు గట్టిగా రుద్దడం, మంచుతో రుద్దడం చేయకూడదు, చర్మం దెబ్బతింటుంది. తలనొప్పి ఉందా, వాంతి వచ్చేలా ఉందా అని భయ్యా అడిగాడు. లేదన్నాడు. లేపి మడమకి వేళ్ళు ఆనించి నడవమంటే పది అడుగులు తూలకుండా నడిచాడు. అంటే ఎత్తు జబ్బు గుర్తులు లేవు. చలి, ఆకలి కలిసి చేసిన పని అది.

అడిగితే ఒప్పుకున్నాడు, పోయిన గంటలో ఏమీ తినలేదని. పావుగంట తర్వాత ముఖంలోకి రంగొచ్చింది. తనే చెప్పాడు, "వన్ నైంటీన్" అని. ఎంత సంతోషమేసిందో చెప్పలేను. సెమిస్టర్ రిజల్ట్స్ చూసినప్పుడు కూడా నాకు అంత సంతోషం రాలేదు.

టైం 7:50. ఇంకా నలభై నిమిషాలుంది. వెళ్ళాలా, దిగాలా? భయ్యా వాడి వంక చూసి, "నడుస్తూ వెళ్దాం, పరుగు వద్దు. ఇంకోసారి మాట తడబడితే దిగిపోదాం" అన్నాడు. అప్పటి నుంచి వాణ్ణి మధ్యలో పెట్టుకుని, భయ్యా ముందు, నేను వెనక. అడుగుకొక ఊపిరి. 8:20కి త్రిశూలం దగ్గరికి చేరాం. పైన ఉన్నది ఏడెనిమిది నిమిషాలు, అంతే.

వాడు ఒంటరిగా వచ్చి ఉంటే? "పద, పైకి పోదాం" అన్నాడు కదా, పోయేవాడు. వాడిని ఆపే మనిషి అక్కడ ఉండడు. పక్కన మనిషి ఎందుకుండాలో నాకు ఆ ఎక్కం అర్థమయ్యేలా చెప్పింది.

అంచు దగ్గర ఆగాలి

శిఖరం మీద ఒక ప్రమాదం గురించి తెలుసుకోవాలి. గాలి ఒకవైపు నుంచే వీస్తుంటే మంచు కొండ అంచు దాటి గాల్లోకి చూరులా పెరుగుతుంది. దాన్ని కార్నిస్ అంటారు. పైనుంచి చూస్తే నేలలాగే కనిపిస్తుంది, కింద మాత్రం ఏమీ ఉండదు.

కొండ పరుగులో ప్రపంచంలోనే పెద్ద పేరు స్పెయిన్‌కి చెందిన కిలియన్ జోర్నెట్. 2012 జూన్‌లో ఆయన, ఫ్రెంచ్ పర్వతారోహకుడు స్టెఫాన్ బ్రాస్‌తో కలిసి మాంట్ బ్లాంక్ పర్వత శ్రేణిని దాటుతున్నాడు. ఎగీ దార్జాంతియేర్ శిఖరం దగ్గర బ్రాస్ కాలికింద కార్నిస్ విరిగి ఆయన చనిపోయాడు. ఇద్దరూ ఆరితేరినవాళ్ళే. ఆ తర్వాతి ఏడాది జులైలో జోర్నెట్ ఇంకో స్నేహితుడు మాథేయో జాక్‌మూతో కలిసి షామనీ ఊరి చర్చి దగ్గర పరుగు మొదలుపెట్టి, సుమారు 4,810 మీటర్ల మాంట్ బ్లాంక్ శిఖరాన్ని తాకి, 5 గంటల లోపే ఊళ్ళోకి తిరిగొచ్చి రికార్డు పెట్టాడు. వీడియోల్లో మనకి కనిపించేది ఈ రెండో కథ మాత్రమే. సన్నటి షూస్, పల్చటి జాకెట్, అంతే. అలా చూసి సరైన సామాను లేకుండా వెళ్ళి చనిపోయినవాళ్ళు ఉండబట్టే, 2017లో ఆ కొండ కింది సెయింట్ జెర్వే ఊరి మేయర్ ఆ దారిలో వెళ్ళేవాళ్ళకి వెచ్చటి బట్టలు, క్రాంపాన్స్, తాడు లాంటివి తప్పనిసరి అని ఆదేశం ఇవ్వాల్సొచ్చింది. జోర్నెట్ తక్కువ సామానుతో వెళ్ళగలగడానికి వెనక, చిన్నప్పటి నుంచి కొండల్లోనే పెరిగిన అనుభవం ఉంది. అది బ్యాగులో కనిపించదు.

అందుకే భయ్యా శిఖరం మీద కర్రతో ఒక గీత గీసి, "ఫొటో అయినా, ఏదైనా దీనికి ఇవతలే" అన్నాడు. ఇవతలే తీసుకున్నాం.

దిగుడులో మాత్రం పరిగెత్తాం. గాలి తగ్గింది, మంచు కొంచెం మెత్తబడి మడమ చక్కగా దిగుతోంది, ప్రతి వంద మీటర్లకీ ఊపిరి తేలికవుతోంది. మూడు గంటల యాభై నిమిషాలు ఎక్కింది గంటంపావులో దిగేశాం. కానీ గుర్తుంచుకోండి, కాళ్ళు అలిసిపోయి, మనసు పని అయిపోయిందనుకునేది దిగుడులోనే. శిఖరం అంటే సగం దారి మాత్రమే. అరగంట చెక్ దిగేటప్పుడు కూడా మానలేదు. మావాడు పదిహేడో ఎక్కం పూర్తిచేసి పంతొమ్మిదికి వెళ్ళాడు.

మీరు వెళ్ళాలనుకుంటే

మన దగ్గర మంచు లేదు, కానీ మెట్లున్నాయి. మూడు నెలలు వారానికి నాలుగు రోజులు హాస్టల్ మెట్లు ఎక్కి దిగాం, బ్యాగులో నీళ్ళ సీసాలు పెట్టుకుని. రెండు ఆదివారాలు అలిపిరి నుంచి 3,550 మెట్లు. దిగడం కూడా ప్రాక్టీస్ చేయాలి, తొడ కండరాలు నిజంగా నొప్పెట్టేది దిగినప్పుడే. ఎక్కేటప్పుడు ఒక పూర్తి వాక్యం ఆగకుండా మాట్లాడగలిగే వేగమే మీ సరైన వేగం. అది దాటితే తగ్గించండి. ఆస్తమా, గుండె సమస్య లాంటివి ఏమైనా ఉంటే డాక్టర్‌ని అడగకుండా బయలుదేరొద్దు. మందులు కూడా ఫ్రెండ్ చెప్పాడని వేసుకోవద్దు.

కొండలు మనకి సంబంధం లేనివి అనుకోవద్దు. నెల్లూరు జిల్లాలో పుట్టి, ఇంజినీరింగ్ చదివిన మల్లి మస్తాన్ బాబు 2006లో ఏడు ఖండాల్లోని అత్యున్నత శిఖరాలని 172 రోజుల్లో ఎక్కాడు. 2015లో ఆండీస్ పర్వతాల్లో ప్రాణాలు పోగొట్టుకున్నాడు. నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామానికి చెందిన మాలావత్ పూర్ణ 2014 మేలో, పద్నాలుగేళ్ళు కూడా నిండకముందే, ఎవరెస్ట్ ఎక్కింది. ఆ అమ్మాయి మొదట శిక్షణ తీసుకున్నది హిమాలయాల్లో కాదు, భువనగిరి కోట బండ మీద. ఆ బండ హైదరాబాద్ నుంచి గంటన్నర దూరం కూడా ఉండదు.

చివరగా చిన్న మాట. పైకి తీసుకెళ్ళిన ప్రతి చాక్లెట్ కవర్ కిందికి తెచ్చేయండి. చలిలో ఏదీ త్వరగా కుళ్ళదు. మంచు కరిగితే ఆ చెత్తంతా సాంక్రీ వాళ్ళు తాగే నీళ్ళలోకే వస్తుంది. బ్యాగు సర్దుకునేటప్పుడు స్పైక్స్, గ్లవ్స్, థర్మాస్ లిస్టులో రాసుకుంటారు కదా, దాని పైన ఇంకో లైన్ రాసుకోండి: "ఆగమంటే ఆగే ఫ్రెండ్, ఆగమని నాకు చెప్పగలిగే ఫ్రెండ్." ఆ మనిషి ఇంకా దొరక్కపోతే, ఈ సెమిస్టర్‌కి హాస్టల్ మెట్ల దగ్గర మొదలుపెట్టండి. పొద్దున ఐదున్నరకి మేమిద్దరం అక్కడే ఉంటాం.